కిష్టయ్య పెట్టిన దండం

వైకల్యం, స్త్రీపురుషుల సాన్నిహిత్యం, దైవభక్తి అనే మూడు అంశాలు తెలుగు నేల మీద తీసిన సినిమాలలో విడివిడిగా కొల్లలుగా కనిపిస్తాయి. ఒకే కథలో మూడూ ఎదురుపడి ఒకదాన్నొకటి నిలదీసిన చిత్రాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగినవే, వాటిలో మొదట చెప్పుకోవలసినది సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ 1974లో ప్రేక్షకుల ముందుకు తెచ్చిన ‘అంకుర్’. యాభై ఏళ్లుగా ఆ చిత్రాన్ని తెలంగాణ దొరతనం మీద విమర్శగా చదువుతున్నారు, అది సరైన పఠనమే. అయితే ఆ కథకు ఇరుసుగా నిలిచినవాడు చెవి వినిపించని, మాట రాని ఒక కుమ్మరి అన్న సంగతీ, బిడ్డ కావాలని ఊరి దేవతను వేడుకునే అతని భార్య కోరికతో సినిమా మొదలవుతుందన్న సంగతీ ఆ పఠనంలో వెనక వరుసకు జరిగిపోయాయి. వాటిని ముందుకు తెచ్చి చూస్తే, పన్నెండేళ్ల తరవాత కె. విశ్వనాథ్ తీసిన రెండు ప్రసిద్ధ చిత్రాలతో ‘అంకుర్’ ఎక్కడ విడిపోతుందో స్పష్టమవుతుంది; వికలాంగుడికీ శరీరం ఉందనీ, దానికీ కోరిక ఉంటుందనీ ఒప్పుకోవడానికి తెలుగు సినిమా దేవుడి అనుమతిని ఎంతగా ఆశ్రయించిందో కూడా అర్థమవుతుంది.

వైకల్య అధ్యయనాలు అనే పేరుతో గత కొన్ని దశాబ్దాలలో ఎదిగిన అధ్యయన రంగం ఈ విషయాన్ని అర్థం చేసుకునే రెండు పద్ధతులను వేరుచేసి చూపుతుంది. లోపం శరీరంలోనే ఉంది, దాన్ని వైద్యుడు సరిచేయాలి అనేది వైద్య దృక్పథం; మెట్లు మాత్రమే ఉన్న కచేరీ, సైగలు తెలియని బడి, సంబంధం మాట ఎత్తగానే మొహం తిప్పుకునే చుట్టాలు కలిసి ఒక మనిషిని వికలాంగుడిని చేస్తారు అనేది సామాజిక దృక్పథం. ఈ రెండూ పుట్టకముందు నుంచే మన కథాసంప్రదాయంలో మూడో దృక్పథం ఒకటి స్థిరపడి ఉంది, దాని ప్రకారం వైకల్యం పూర్వజన్మ కర్మకు ఫలమైనా కావాలి, దైవానుగ్రహానికి పాత్రమైనా కావాలి. పోతన భాగవతం దశమ స్కంధం ద్వారా తెలుగు పాఠకులకు పరిచితురాలైన కుబ్జ ఇందుకు మంచి ఉదాహరణ: కృష్ణుడు ముందు ఆమె వంకరలు సరిచేసి చక్కని రూపం ఇస్తాడు, ఆమె ఇంటికి వెళ్లడం ఆ తరవాతి మాట. చికిత్స ముందు, సాన్నిహిత్యం తరవాత అన్న ఈ క్రమాన్నే తెలుగు సినిమా చాలా కాలం అనుసరించింది; గుడ్డి నాయికకు చివరి రీలులో చూపు తెప్పించిన తరవాతే పెళ్లి పీటల మీద కూర్చోబెట్టడం ప్రేక్షకులకు అలవాటైన ముగింపు.

బెనెగల్ 1934 డిసెంబర్ 14న తిరుమలగిరిలో జన్మించారు. తండ్రి శ్రీధర్ బెనెగల్ కర్ణాటక నుంచి వచ్చి స్థిరపడిన కొంకణీ కుటుంబానికి చెందిన ఛాయాగ్రాహకుడు. ఆయన కెమెరాతోనే కొడుకు పన్నెండేళ్ల వయసులో తన మొదటి సినిమా తీశాడు. మహబూబ్ కాలేజీ హైస్కూల్లో, నిజాం కాలేజీలో చదువు, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ స్థాపన, ఆ తరవాత బొంబాయిలో ప్రకటనల చిత్రాల రంగంలో సుదీర్ఘకాలం ఉద్యోగం, ఇవన్నీ గడిచాకే విద్యార్థి దశలో కథగా రాసుకున్న ‘అంకుర్’ తెరకెక్కింది. కంటోన్మెంట్ జీవితంలో సైనికుల కోసం ఆడే విదేశీ సినిమాలు ఒక పక్కన ఉంటే, ఆషాఢంలో లష్కర్ బోనాలు మరో పక్కన ఉండేవి. లష్కర్ అనేది సైనిక శిబిరంగా మొదలైన సికింద్రాబాద్‌కు స్థానికులు పెట్టుకున్న పాత పేరు. అక్కడి ఉజ్జయినీ మహంకాళి ఆలయానికి, కలరా భయంతో ఉజ్జయినిలో మొక్కుకున్న సైనిక దళపు డోలీ బోయీ సురిటి అప్పయ్య 1815లో పునాది వేశాడని ఆలయ చరిత్ర చెబుతుంది. బోనాల మరునాడు జరిగే రంగం అనే తంతులో ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి వినిపిస్తుంది, మంత్రులు, అధికారులు సహా అందరూ చేతులు కట్టుకుని వింటారు. మిగిలిన రోజుల్లో ఎవరూ పట్టించుకోని గొంతుకు దేవత పేరిట ఒక్క పూట దొరికే ఈ అధికారాన్ని గుర్తుంచుకుంటే ‘అంకుర్’ ముగింపులో ఆ కుమ్మరి భార్య లక్ష్మి పెట్టే శాపనార్థాల బరువు తెలుస్తుంది, కాకపోతే ఆమె వెనక ఏ దేవతా లేదు.

కథ తెలిసినదే అయినా ఈ కోణం నుంచి మరోసారి చెప్పుకోవాలి. దళిత కుటుంబానికి చెందిన లక్ష్మి (షబానా ఆజ్మీ), ఆమె భర్త కిష్టయ్య (సాధు మెహర్) పొలం దగ్గరి గుడిసెలో ఉంటారు. అల్యూమినియం గిన్నెలు వచ్చి కుండలు అడిగేవారు లేకపోవడంతో కిష్టయ్యకు చేతినిండా పని పోయి, తాగుడు మిగిలింది. నగరం నుంచి వ్యవసాయం చూసుకోవడానికి వచ్చిన దొర కొడుకు సూర్య (అనంత్ నాగ్) ఆమె చేతి వంట తింటాడు, ఆమె పెట్టిన టీ తాగుతాడు, కులం పట్టింపు తనకు లేదంటాడు. ఊరి పూజారికి అది నచ్చదు. సూర్యకు పెళ్లయింది, భార్య ఇంకా కాపురానికి రాలేదు. అతని తండ్రికి అదే ఊళ్లో కౌసల్య అనే ఉంపుడుగత్తె, ఆమెకొక కొడుకు ఉన్నారు, ఆమె పేర మంచి పొలం రాసిచ్చానని తండ్రి గొప్పగానే చెప్పుకుంటాడు. అంటే ఈ ఊళ్లో సాన్నిహిత్యానికి ఎకరాల్లో కొలత ఉంది. కల్లు దొంగతనం చేస్తూ పట్టుబడిన కిష్టయ్యకు గుండు కొట్టించి గాడిద మీద ఊరేగిస్తారు, ఆ అవమానంతో అతడు ఊరు విడిచి వెళ్లిపోతాడు, సూర్య లక్ష్మిని చేరదీస్తాడు, ఆమె గర్భవతి అవుతుంది, కడుపు తీయించుకోమని అతడు ఒత్తిడి చేస్తే ఆమె ఒప్పుకోదు.

ఈ ప్రధాన కథ పక్కనే రాజమ్మ అనే మరో స్త్రీ పంచాయితీ సాగుతుంది. భర్త యాదగిరిని వదిలి వేరే కులం వాడితో వెళ్లిందని ఆమె మీద అభియోగం. యాదగిరి వల్ల తనకు బిడ్డ కలగదని ఆమె నలుగురి ముందు చెబుతుంది. పెద్దలు మళ్లీ అతని ఇంటికే పొమ్మంటారు, ఆమె ప్రాణం తీసుకుంటుంది. లక్ష్మి దేవత చెవిలో వేసిన కోరికే రాజమ్మ పంచాయితీలో పైకి అంటుంది. దేవత దగ్గర చెల్లిన మాట కులపెద్దల దగ్గర చెల్లదు. ఒకే కోరికను రెండు చోట్ల వినిపించి, ఏ చోట ఏ శిక్ష పడుతుందో చూపించిన ఈ అల్లిక చిత్రంలోని సూక్ష్మమైన పనితనాలలో ఒకటి, విమర్శకులు దీనికి ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదు.

కిష్టయ్య తిరిగి రావడంతో కథ తన అసలు ప్రశ్న దగ్గరికి వస్తుంది. తాగుడు మానేసి, నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చిన అతడు భార్య గర్భవతి అని గ్రహించి సంతోషిస్తాడు, ఊరి దేవత గుడికి వెళ్లి దండం పెడతాడు, ఆ తరవాత పని అడగడానికి సూర్య దగ్గరికి బయలుదేరతాడు. బిడ్డ తనది కాదని కిష్టయ్యకు తెలుసా? తెలియక, దేవత ఇన్నాళ్లకు కనికరించిందని నమ్మాడా, లేక తెలిసీ బిడ్డ ఎవరి వల్ల కలిగినా దేవత ఇచ్చినదే అనుకున్నాడా? సినిమా చెప్పదు. మొదటి అర్థం తీసుకుంటే అతడు వెర్రిబాగులవాడు, రెండోది తీసుకుంటే ఆ ఊళ్లో అందరికంటే విశాలహృదయుడు. అతని దండం రెంటినీ మోస్తుంది. భక్తి ఇక్కడ తంతుగా గానీ మూఢనమ్మకంగా గానీ మిగలక, మాట లేని మనిషి భార్యతో, పుట్టబోయే బిడ్డతో తన బంధాన్ని నలుగురికీ ప్రకటించే ఏకైక మార్గమవుతుంది. అతడు ప్రతీకారానికే వస్తున్నాడని భయపడిన సూర్య మనుషుల చేత పట్టించి కొరడాతో కొడతాడు, లక్ష్మి పరుగున వచ్చి సూర్యను నోరారా తిడుతుంది, చివరికి ఒక పిల్లవాడు దొర కిటికీ అద్దం మీద రాయి విసిరి పారిపోతాడు. రాయి గురించి చాలామంది రాశారు. రాయి కంటే దండం లోతైన దృశ్యం.

ఇంత చెప్పాక ఒక అభ్యంతరం కూడా నమోదు చేయాలి. కిష్టయ్య మౌనం దర్శకుడికి ఎంత అర్థబలాన్ని ఇచ్చిందో అంత సౌకర్యాన్నీ ఇచ్చింది. ప్రేమకథ సాగడానికి అతడు నడుమ మాయం కావలసి వస్తుంది, అతడు ఎక్కడ ఉన్నాడో ఏం చేశాడో చూపించే బాధ్యత కథకు ఉండదు. గర్భం గురించి అతడేమనుకున్నాడో మాట వచ్చిన భర్త అయితే ఏదో ఒకటి అనక తప్పేది కాదు. భార్యాభర్తల మధ్య నడిచే సైగలు భాషాశాస్త్రంలో ఇంటి సైగలు అనే కోవకు చెందుతాయి, అంటే సంజ్ఞా భాష నేర్పే బడి గానీ తోటి బధిరుల సమాజం గానీ అందుబాటులో లేని వ్యక్తి తనవారితో కలిసి కల్పించుకున్న సంకేతాలు. అవి కుటుంబం దాటితే పనికిరావు, పని అడగడానికి వచ్చానని దొరకు చెప్పలేకపోవడానికి కారణం అదే. అపార్థం సూర్య మనసులోని నేరభావం వల్ల పుట్టిందనడం నిజమే, ఊళ్లో అతని సైగలు తెలిసినవారు భార్య తప్ప ఎవరూ లేకపోవడం కూడా అంతే నిజం. సాధు మెహర్ వినికిడి ఉన్న నటుడు. ఈ పాత్రకు ఆయనకు ఉత్తమ నటుడిగా, తొలి చిత్రంలోనే షబానాకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారాలు వచ్చాయి.

బెనెగల్ ఈ మూడు అంశాలను మళ్లీ మళ్లీ తాకారు. 1978లో ‘కొండూరా’ పేరుతో హిందీలోనూ ‘అనుగ్రహం’ పేరుతో తెలుగులోనూ వచ్చిన చిత్రంలో, సి.టి. ఖానోల్కర్ మరాఠీ నవల ఆధారంగా, బ్రహ్మచర్యం పాటిస్తానన్న నియమం మీద ఒక సిద్ధుడి నుంచి గర్భస్రావం కలిగించే మూలికను పొందిన పరశురాముడు అనే యువకుడి కథ ఉంది. వాణిశ్రీ, స్మితా పాటిల్, అనంత్ నాగ్ నటించిన ఈ చిత్రంలో వైకల్యం ప్రధానం కాదు, కానీ దైవం పేరిట పరాయి స్త్రీ గర్భం మీద తీర్పు చెప్పే పురుషుడు ఎంత విధ్వంసం చేయగలడో తెలుగులో ఇంత నిక్కచ్చిగా చూపినవారు తక్కువ. 1983 నాటి ‘మండీ’ వేశ్యాగృహం కథ, గులామ్ అబ్బాస్ రాసిన ఉర్దూ కథ ‘ఆనందీ’ దానికి మూలం. అందులో మోసపోయి అమ్ముడుపోయిన మూగ బాలిక ఫూల్‌మణి (శ్రీలా మజుందార్) కాదనడానికి కూడా మాట లేనిది, కనుక శరీరంతోనే కాదంటుంది. ఊరి పెద్దలు ఆ ఇంటిని నగరం బయటికి నెడితే అది ఒక దర్గా పక్కన చేరుతుంది, భక్తులూ విటులూ ఒకే దారిన రావడం మొదలవుతుంది. బెనెగల్ హాస్యం అక్కడ కత్తిలా పనిచేసింది.

1986లో కె. విశ్వనాథ్ నుంచి ‘స్వాతిముత్యం’, ‘సిరివెన్నెల’ రెండూ వచ్చాయి. మొదటిది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొంది, ఆస్కార్ పోటీకి భారతదేశం అధికారికంగా పంపిన చిత్రమైంది. నాయనమ్మ పెంపకంలో పెద్దవాడైన శివయ్య (కమల్ హాసన్) వయసు వచ్చినా బుద్ధి ఎదగని అమాయకుడు. బిడ్డతో పుట్టెడు కష్టంలో ఉన్న వితంతువు లలిత (రాధిక) మెడలో, శ్రీరామనవమి కల్యాణ వేదిక దగ్గర, ఎవరూ ఊహించని విధంగా తాళి కడతాడు. ఆ క్షణాన్ని విశ్వనాథ్ ఎంత ఒడుపుగా అమర్చారంటే, లలిత సమ్మతి అడిగారా లేదా అన్న ప్రశ్న మంత్రాల హోరులో వినిపించదు. సీతారాముల పెళ్లి పక్కన జరిగింది కాబట్టి వితంతు వివాహాన్నీ, మేధో వైకల్యం ఉన్న మనిషి వివాహాన్నీ ఒకేసారి ప్రేక్షకులు ఆమోదించారు. ఒక్కో ఆమోదానికి విడివిడిగా ప్రయత్నించి ఉంటే 1986 నాటి హాలులో ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. దాంపత్యం శరీరం దాకా వచ్చినప్పుడు చొరవ లలితదే అవుతుంది, శివయ్య కోరికను అమాయకత్వం కప్పేస్తుంది. అయినా ఆ కాపురంలో అతడు తండ్రిగా, తాతగా ఎదగడం చూపించిన తీరు ఆ రోజుల్లో అసాధారణం, అతడికి చికిత్స చేయించి మామూలు మనిషిని చేసే ప్రయత్నం కథలో లేకపోవడం మరింత అసాధారణం. కుబ్జ కథాక్రమాన్ని విశ్వనాథ్ అక్కడ దాటారు.

‘సిరివెన్నెల’లో అంధుడైన వేణుగాన విద్వాంసుడు, మాట రాని చిత్రకారిణి ఉంటారు. తెర మీద వేణువు పట్టినది సర్వదమన్ బెనర్జీ, వినిపించినది హరిప్రసాద్ చౌరాసియా. కంటిచూపు లేనివాడికి అంతర్నేత్రం ఉంటుందన్న పాత నమ్మకాన్ని ఈ చిత్రం కృష్ణభక్తితో కలిపి ఎంత అందంగా చెప్పిందంటే, అంధుడికి వేణువు తప్ప మరో ఉపాధీ, కళ తప్ప మరో ఆకలీ ఉంటాయన్న ఆలోచన దగ్గరికి రానివ్వదు. అదే బెనర్జీ తరవాత రామానంద్ సాగర్ టీవీ ధారావాహికలో శ్రీకృష్ణుడిగా దేశమంతటికీ తెలియడం కాకతాళీయమే కావచ్చు, కానీ ఆ ఎంపికలో ఒక తర్కం కనిపిస్తుంది.

వీటికి కొంచెం ముందు సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’ వచ్చింది. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కృత్రిమ పాదంతో మళ్లీ వేదికెక్కిన నర్తకి సుధా చంద్రన్ తన జీవితానికి తానే నటిగా నిలిచారు, జాతీయ స్థాయిలో ప్రత్యేక జ్యూరీ పురస్కారం పొందారు. వైకల్యం ఉన్న వ్యక్తే ఆ పాత్ర పోషించడం తెలుగు తెర మీద అప్పటికే సాధ్యమైందనడానికి ఇది రుజువు. ఆ దారిలో నడిచినవారు ఎందుకు లేరన్న ప్రశ్నకు నిర్మాతల దగ్గర సమాధానం లేదు.

‘స్వాతిముత్యం’ విడుదలకు రెండేళ్ల ముందే, 1984లో, సికింద్రాబాద్ బోయిన్‌పల్లి ప్రాంతంలో మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఏర్పడింది; అది ఉన్న చోటికి మనోవికాస్ నగర్ అనే పేరు వచ్చింది, వినికిడి లోపం ఉన్నవారికి సేవలందించే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది. మేధో వైకల్యం బాల్యం నుంచే ఉండే ఎదుగుదల పరిమితి అనీ, మానసిక వ్యాధి ఏ వయసులోనైనా రాగల, చికిత్సకు లొంగగల స్థితి అనీ అక్కడి నిపుణులు తల్లిదండ్రులకు నేర్పే మొదటి పాఠాన్ని తెలుగు సినిమా ఇప్పటికీ సరిగా నేర్చుకోలేదు, రెంటినీ పిచ్చి అనే ఒకే సంచిలో వేస్తుంది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒకటిని గుర్తించింది, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి లేకుండా ఎవరికీ సంతానం కలగకుండా చేసే చికిత్స జరపరాదని చెప్పింది. అంతకుముందే 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో, సంరక్షణ గృహంలో అత్యాచారానికి గురై గర్భం దాల్చిన మేధో వైకల్యం గల యువతికి బిడ్డను కనాలో వద్దో నిర్ణయించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. లక్ష్మి సూర్య ముఖం మీద చెప్పిన మాటకు చట్టంలో చోటు దొరకడానికి ముప్పై అయిదేళ్లు పట్టింది.

ఇటీవలి చిత్రాలలో దేవుడి పాత్ర పలచబడింది. ‘ఊపిరి’ (2016) ఫ్రెంచి చిత్రం ఆధారంగా మెడ కింద చచ్చుబడిన ధనికుడి జీవితేచ్ఛను చూపింది, ‘రాజా ది గ్రేట్’ (2017) అంధుడిని వాణిజ్య కథానాయకుడిని చేసింది, ‘రంగస్థలం’ (2018) చెవుడు ఉన్న చిట్టిబాబును ప్రేమికుడిగా, కోపిష్టిగా, పొరపాట్లు చేసేవాడిగా చూపి అతడికి పూర్తి మనిషి హోదా ఇచ్చింది. 2021 నాటి ‘ఉప్పెన’ అన్నిటికంటే చిత్రమైనది: అక్కడ వైకల్యం ప్రేమించినందుకు నాయకుడికి నాయిక తండ్రి విధించిన శిక్ష, దాని తరవాత కూడా తనకు అతడే కావాలని నాయిక తండ్రికి ఎదురు నిలిచి చెబుతుంది. ఏ కల్యాణ వేదికా, ఏ మంత్రమూ ఆ మాటకు బలం ఇవ్వవు. నాయకుడికి ఆశీర్వాదం అని క్రైస్తవ పేరు పెట్టిన దర్శకుడు ఆ విశ్వాసాన్ని కథలోకి రానివ్వకపోవడం మాత్రం చేజార్చుకున్న అవకాశం.

కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం సికింద్రాబాద్ చిరునామాతోనే, కవాడిగూడ సీజీఓ టవర్స్‌లో ఉంది. శారీరక, మానసిక వైకల్యం ఉన్నవారిని హేళన చేసే దృశ్యాలు అనవసరంగా ఉండకూడదన్న నియమం 1991 మార్గదర్శకాలలోనే ఉంది. నత్తి, చెవుడు, కుంటి నడక మీద నడిచిన హాస్య ఘట్టాలు ఆ తరవాతి దశాబ్దాలలో ఎన్ని వచ్చాయో ప్రేక్షకులకు తెలుసు. ముద్దు దృశ్యం దగ్గర, మతభావాల దగ్గర కనిపించే జాగ్రత్త వెక్కిరింత దగ్గర కనిపించలేదు. 2024 జులైలో ‘ఆంఖ్ మిచోలీ’ అనే హిందీ చిత్రం మీద నిపుణ్ మల్హోత్రా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఒక ఉపయోగకరమైన విభజన చేసింది: వైకల్యం ఉన్నవారిని కించపరచి నవ్వించేది ఒకటి, వైకల్యం గురించి లోకానికి ఉన్న అపోహలను కదిలించి నవ్వించేది మరొకటి, మొదటిది తగదు, రెండోదాన్ని అడ్డుకోకూడదు, చిత్రణకు ముందు వైకల్యం ఉన్నవారిని సంప్రదించాలి. ఈ కొలతతో చూస్తే శివయ్య మీద హాలు నవ్విన నవ్వులు రెండు కోవల్లోనూ పడతాయి.

అదే ఏడాది మార్చిలో సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ, చూపు, వినికిడి లోపాలు ఉన్నవారు థియేటర్లలో సినిమా చూడగలిగేలా ప్రమాణాలు ప్రకటించింది. వాటిలో ముఖ్యమైనది శబ్ద వివరణ, అంటే సంభాషణల మధ్య ఖాళీలలో తెర మీద జరిగేదాన్ని ఒక గొంతు అంధ ప్రేక్షకుడికి చెప్పడం. దేవాలయ దృశ్యాన్ని, పోరాటాన్ని, పాటలోని పొలాన్ని వివరించడానికి ఎవరూ సంకోచించరు. పడకగది దృశ్యం వచ్చేసరికి ఎంత చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి అన్నది వివరణ రాసేవారి మొహమాటం మీద ఆధారపడుతుంది. కవాడిగూడలో అనుమతి పొందిన ముద్దును ఆ గొంతు చెప్పకుండా దాటవేస్తే, పక్క సీటులోని వారందరూ చూసిన దృశ్యం ఒక్క ఆ ప్రేక్షకుడికే కత్తిరించినట్టవుతుంది, టికెట్టు ధర మాత్రం అందరికీ ఒకటే.